అద్దం అవతలి చేప

చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్ళూరుపేట, తడ, పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలో చేరాయి గనుక తిరుపతివాళ్ళు ఇప్పుడు మాకూ సముద్రం ఉందని చెప్పుకుంటున్నారు. మాకు మాత్రం నీవా నది, అదీ వానొస్తేనే. చెరువులు, అవీ నిండితేనే. 2021 నవంబరు వానలకు చెరువులు పొర్లినప్పుడు మా పిల్లలు రోడ్డు మీద చేపలు పట్టారు. వాళ్ళ జీవితంలో అదొక పండుగ. మిగతా రోజుల్లో వాళ్ళకు చేపంటే సంతలో గంప మీద పడుకున్నదే. బతికున్న చేప ముఖాన్ని ఎదురెదురుగా చూసిన పిల్లలు మా సండే స్కూలులో ఒక్కరూ లేరు.

ఏటేటా మేము వాళ్ళను తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తీసుకుపోయేవాళ్ళం. 1987లో తెరిచిన ఆ శ్రీ వేంకటేశ్వర జూ విశాలమైన అడవిలాంటి చోటు. పిల్లలకు సింహాలూ, నెమళ్ళూ, అన్నం మూటలూ చాలు. అయితే 2023 సంక్రాంతి సెలవులకు పెద్ద పిల్లలు తిరగబడ్డారు. "అయ్యగారూ, అదే సింహాన్ని ఎన్నిసార్లు చూసేది?" అన్నారు. చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కం దగ్గర 2019లో తెరిచిన వీజీపీ మెరైన్ కింగ్‌డమ్ సంగతి ఎవరో ఫోనులో చూశారు. సముద్రం కింద నడిచినట్టు ఉంటుందట. సరేనని బస్సు మాట్లాడాము.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మా సంఘంలో ఒక అబ్బాయి ఉన్నాడు. అప్పుడు వాడికి 12 ఏళ్ళు. కండరాలు క్షీణించే జబ్బు. రెండేళ్ళుగా చక్రాల కుర్చీలోనే ఉంటున్నాడు. తండ్రి లేడు. తల్లి మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీలోనూ, మిగతా కాలంలో దొరికిన పనిలోనూ ఉంటుంది. ప్రయాణపు పేర్ల జాబితా రాసేటప్పుడు వాడి పేరు దగ్గర నా పెన్ను ఆగింది. కుర్చీ బస్సెక్కించాలి, దించాలి, మరుగుదొడ్డికి ఎవరో ఎత్తుకోవాలి, 40 మంది పిల్లల్లో ఎవరు చూస్తారు? వాడినీ వాళ్ళమ్మనూ అడక్కుండానే నేనే నిర్ణయించేశాను. అడిగితే రమ్మంటారేమోనని భయపడ్డాననుకుంటాను.

ముందురోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, నీకోసం మంచి ఫోటోలు తెస్తానని చెప్పాను. వాడు అలగలేదు. "కన్ను దగ్గరగా కనబడేటట్టు తీయండి అయ్యగారూ. చేప నిద్రపోయేటప్పుడు రెప్ప మూస్తాదో లేదో చూడాల" అన్నాడు.

నా దగ్గర పాత డిజిటల్ కెమెరా ఒకటుంది. పెళ్ళిళ్ళలో, బాప్తిస్మపు ఆరాధనల్లో ఫోటోలు తీసి తీసి నాకు ఫోటోగ్రఫీ వచ్చని నేనే అనుకున్నాను.

బస్సులో పిల్లలకు ఒక కథ చెప్పాను. మన దేశంలో ప్రజలు చూసేందుకు కట్టిన మొదటి చేపల ప్రదర్శనశాల మద్రాసు మెరీనా తీరంలోనే ఉండేది. అక్కడి ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ పూనికతో మొదలై 1909లో తెరుచుకుంది. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంటే జిల్లా కన్నా ఆ చేపలశాల రెండేళ్ళు పెద్దది! రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో మూసేశారు. మళ్ళీ తెరవలేదు. పిల్లలకు బాంబుల సంగతి నచ్చింది.

బయటి ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే అందరూ ఒకరినొకరు పట్టుకొని నిలబడ్డారు. అంత చీకటి. కాసేపటికి కళ్ళు అలవాటు పడ్డాక నీలి వెలుతురులో ఒక్కొక్క ప్రాణీ బయటపడింది. సొరంగం లాంటి దారిలో నడుస్తుంటే తల మీదుగా ఒక టేకు చేప, దుప్పటి ఆరవేసినట్టు, నిదానంగా పోయింది. దాని తెల్లటి పొట్ట, నోరు చూసి పిల్లలు "నవ్వతా ఉండాది" అని కేకలేశారు. నిజానికి అక్కడ కళ్ళలా కనబడేవి దాని ముక్కు రంధ్రాలు, కళ్ళు పైపక్కన ఉంటాయి. ఈ మాట చెబితే ఎవరూ వినలేదు.

నేను కెమెరా ఎత్తాను. ఫ్లాష్ దానంతటదే వెలిగింది. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి పరుగున వచ్చి, వద్దన్నట్టు చేయి ఊపింది. చేపలకు మనలాగా రెప్పలు లేవు, ఉన్నట్టుండి మీద పడిన వెలుతురుకు కన్ను మూసుకోలేవు, బెదురుతాయి. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది. అప్పటికి సిగ్గుపడి ఫ్లాష్ ఆపేశాను. ఆ తరువాత కూడా నాకు తెలియకుండా రెండు మూడుసార్లు వెలిగింది. రెండు వందల ఫోటోలు తీశాను.

మరునాడు వాటిని వాడి మంచం మీద పెట్టి ఒక్కొక్కటే చూపించాను. ఫ్లాష్ పడ్డవాటిలో తెల్లటి మంట, దాని వెనక ఒక చొక్కా. ఫ్లాష్ లేనివాటిలో నీలి రంగు అలికినట్టు గీతలు, గాజు మీద పిల్లల చేతి ముద్రలు, వెనక గోడ మీద వెలిగే బోర్డు. వాడు చాలాసేపు ఓపికగా చూశాడు.

"దీంట్లో అంతా మీరే కనబడతా ఉండారు అయ్యగారూ. చేప ఏది?"

వాళ్ళమ్మ "అట్ల అనకూడదురా" అంది. నేను నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఊళ్ళో ఒక పాత స్టూడియో ఉంది. పెద్దాయన 70 దాటారు. ఫిలిం కాలంలో మా అందరి పెళ్ళిళ్ళు ఆయన చేతి మీదుగానే జరిగాయని చెప్పాలి. ఫోటోలు చూపిస్తే కళ్ళద్దాలు పైకి తోసి, "సార్, రాత్రిపూట ఇంట్లో దీపమేసుకొని కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తే ఏం కనబడుతుంది?" అన్నారు.

"నా ముఖం."

"దీపం ఆర్పితే?"

"వీధి."

"అంతే సార్. మీ వైపు వెలుతురు ఎక్కువుంటే అద్దం మిమ్మల్నే చూపిస్తుంది. అవతలి వైపు వెలుతురు ఎక్కువుంటే అవతలి దాన్ని చూపిస్తుంది. మీరు ఫ్లాష్ వేశారు, ఫోను వెలిగించారు, తెల్లచొక్కా తొడుక్కొని పోయినారు. ఇంక చేప ఎక్కడ కనబడుతుంది?"

ఏ పాస్టరైనా ఈ మాట వింటే ఆదివారం ప్రసంగం దొరికిందనుకుంటాడు. నేనూ అనుకున్నాను. మా ఇంటావిడ, "ముందు ఆ పిల్లోడికి ఫోటో తీసివ్వండి, తరువాత ప్రసంగం చేద్దురు గానీ" అంది.

పెద్దాయన ఇంకా చాలా చెప్పారు. ఫోటోలు అలికినట్టు రావడానికి కారణం నా చేయి వణకడం ఒక్కటే కాదు. వెలుతురు చాలక కెమెరా తన కన్నును సెకనులో 8వ వంతు సేపు తెరిచి ఉంచింది. అంతసేపట్లో చేప దాని దారిన అది పోతుంది. ఆ కాలాన్ని కనీసం 125వ వంతుకు తగ్గించాలి. అలా తగ్గిస్తే ఫోటో నల్లగా వస్తుంది గనుక వెలుతురును వేరేచోట సంపాదించుకోవాలి. ఆయన రోజుల్లో 100 ఫిలిం తీసి 400 ఫిలిం వేసేవారు. ఇప్పుడైతే ఐ.ఎస్.ఓ. మీట 3200కు తిప్పితే చాలు, 100 మీద 32 రెట్లు సున్నితం. ఫోటోలో ఇసుక చల్లినట్టు కొంచెం గింజ కనబడుతుంది. "గింజ ఉంటే ఏమి సార్, చేప ఉంటే చాలదా?" అన్నారు. తన దగ్గరున్న 50 మిల్లీమీటర్ల లెన్సు అరువిచ్చారు. దాని నోరు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. నా లెన్సు దగ్గరగా చూసేటప్పుడు ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. ఈ తేడాకే దాదాపు 10 రెట్లు వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది.

అభ్యాసం చేయడానికి తిరుపతిలో పెంపుడు చేపలు అమ్మే ఒక దుకాణం చూసుకున్నాను. ప్రతి మంగళవారం ఏదో ఒక పని మీద తిరుపతి వెళ్ళేవాడిని. పని కాగానే దుకాణంలో ఒక ముక్కాలిపీట మీద కూర్చునేవాడిని. మొదట్లో ఆ దుకాణదారుడు నన్ను అనుమానంగా చూశాడు. మూడోవారం టీ తెప్పించాడు.

అద్దానికి ఎదురుగా, తిన్నగా నిలబడాలని అక్కడ తెలుసుకున్నాను. పక్కనుంచి ఏటవాలుగా చూస్తే చేప సాగిపోయి, అంచుల్లో రంగులు విడిపోయి కనబడుతుంది. బావిలో నిలబెట్టిన కర్ర విరిగినట్టు కనబడేది ఎందుకో మన పిల్లలందరికీ తెలుసు. నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు దారి వంగుతుంది. అందుకే బావి లోతు కూడా ఉన్నదానిలో ముప్పాతిక వంతే కనబడుతుంది, ఈత రాని పిల్లలు మోసపోయేది అక్కడే. చేపల తొట్టిలో ఆ నీళ్ళకు తోడు మందపాటి పలక ఒకటి. పెద్ద శాలల్లో అది గాజు కాదు, యాక్రిలిక్. మందపాటి గాజుకు పచ్చ ఛాయ ఉంటుంది, బరువూ ఎక్కువ. యాక్రిలిక్ తేలిక, తెలుపు, గట్టిది. కానీ సులువుగా గీతలు పడుతుంది. అందుకని కెమెరా ఇనుప అంచు దానికి తగలకుండా లెన్సుకు రబ్బరు తొడుగు వేసి, ఆ రబ్బరును పలకకు ఆనించాలి. ఆనించామంటే మన వెనకున్న వెలుతురు దూరే సందు ఉండదు. ఆనించడానికి వీల్లేనిచోట నల్లగుడ్డ కావాలి. నేను చిరిగిపోయిన మా నాయన గొడుగు గుడ్డ విప్పి, మధ్యలో లెన్సు పట్టేంత రంధ్రం కోసుకున్నాను. అంతకన్నా మంచి సామాను నేను ఇంతవరకు కొనలేదు. ఫోనుతో తీసేవాళ్ళకూ ఇదే దారి: ఫ్లాష్ ఆపి, తెర వెలుతురు తగ్గించి, ఫోనును పలకకు ఆనించి పట్టుకోవడం.

దుకాణదారుడు చెప్పింది మరొకటి. "చేప వెంట పడొద్దు సార్. దానికొక దారుంటాది. తిరిగి తిరిగి అక్కడికే వస్తాది. మీరు అక్కడ కూర్చోండి." నిజమే. ఒక ఏంజెల్ చేపను పావుగంట గమనిస్తే తొట్టి మూలలో ప్రతిసారీ ఒకేచోట మలుపు తిరుగుతోంది. మలుపులో ఒక్క క్షణం ఆగుతుంది. ఆ చోటుకు ముందే ఫోకస్ పెట్టుకొని కాచుకుంటే చాలు.

ఈ అద్దాల తొట్లు అసలెవరు మొదలుపెట్టారోనని చదివితే ఆశ్చర్యం కలిగింది. తొట్టిలో సముద్ర ప్రాణులను బతికించడం ఇంగ్లండులో ఇంటింటి ముచ్చట కావడానికి ఎక్కువగా కారణమైనవాడు ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త. 1853లో లండన్ జూలో తెరిచిన చేపల ఇంటికి ప్రాణులను సేకరించి ఇచ్చినవారిలో ఆయనొకడు. 1854లో ఆయన రాసిన పుస్తకంతోనే అక్వేరియం అన్న మాట జనం నోళ్ళలో నిలిచింది. ఆయన బ్రదరెన్ విశ్వాసి, డెవన్ తీరంలో ఒక చిన్న సహవాసానికి బోధకుడు. 1836లో మన గోదావరి ప్రాంతానికి సువార్తకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ ఆ బ్రదరెన్ వారే. అయితే కథ అంతా సంతోషం కాదు. ఆయన పుస్తకాలు చదివినవాళ్ళు బుట్టలూ సీసాలూ పట్టుకొని తీరాల మీద పడ్డారు. రాళ్ళ మడుగుల్లోని ప్రాణులను ఊడ్చి పట్టుకుపోయారు. కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో అచ్చయిన తన పుస్తకంలో, తన తండ్రి చూపించిన ఆ అందమే ఆ తీరాలను పాడుచేసిందని బాధపడ్డాడు. ఆ తండ్రి కాలంలో చేప ఫోటో తీయడం ఇంకా అందరికీ కుదరని పని, రంగుల బొమ్మలు చేత్తోనే వేసుకునేవాడు. కుదిరి ఉంటే కొన్ని మడుగులైనా మిగిలేవేమో.

ఆగస్టులో ఒక బుధవారం ఒంటరిగా బయలుదేరాను. చిత్తూరులో తెల్లవారుజామున బస్సెక్కి, రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై చేరి, అక్కడినుండి మరో బస్సు. నల్లచొక్కా తొడుక్కున్నాను. పాస్టరుకు నల్లచొక్కా ఏమిటని బస్సులో తెలిసినవాళ్ళెవరైనా అడుగుతారేమోనని భయం. సెలవు రోజు కాదు గనుక జనం పలచగా ఉన్నారు. గొడుగు గుడ్డ తీస్తే ఒక చిన్నపాప వాళ్ళమ్మ వెనక దాక్కుంది.

ముందు పలక మీద ఎవరిదో చేతి ముద్ర ఉంటే మెత్తటి గుడ్డతో తుడిచాను. కెమెరాను సెకనులో 160వ వంతుకు పెట్టుకున్నాను. నీలి వెలుతురుకు రంగులన్నీ మారిపోతాయి. నీళ్ళు ముందుగా ఎరుపును మింగేస్తాయి, కాస్త దూరం పోయేసరికి ఎర్రచేప బూడిద రంగులో కనబడుతుంది. దాన్ని తరువాత కంప్యూటరులో కొంతవరకు సరిచేసుకోవచ్చని పెద్దాయన చెప్పి ఉన్నారు. రాతి సందులో పెద్ద మూతి చేప ఒకటి, పేరు రాసుకోవడం మరచాను, కదలకుండా నీళ్ళు మింగి వదులుతోంది. దాని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది ముఖం పక్కకు తిప్పినప్పుడల్లా కన్ను నా లెన్సుకు తిన్నగా వచ్చేది. 60 ఫోటోల్లో ఒక్కటి కుదిరింది.

పెద్దాయన దాన్ని పెద్ద సైజులో ముద్రించి, డబ్బులు తీసుకోలేదు. బంగారు వలయం, మధ్యలో నల్లటి గుండ్రని పాప, చుట్టూ చిన్న చిన్న పొలుసులు. రెప్ప లేదు. వాడు దాన్ని ఒళ్ళో పెట్టుకొని వేలితో కన్ను చుట్టూ తడిమాడు.

"అయితే ఇది ఎప్పుడూ చూస్తానే ఉంటాది."

"అవును నాయనా. కళ్ళు తెరిచే నిద్రపోతుంది."

నేను చాలా సంతోషంగా లేచాను. గడప దాకా వచ్చాను. వెనకనుంచి అడిగాడు.

"మీరు రెండుసార్లు పోయొచ్చినారు. నేనెప్పుడు పొయ్యేది అయ్యగారూ?"

ఎనిమిది నెలలు ఫ్లాష్, లెన్సు, గొడుగు గుడ్డ అని తిరిగాను. ఈ ప్రశ్న నాకు తోచలేదు. వాళ్ళమ్మ తల దించుకుంది. ఆమెకు అది జనవరిలోనే తోచి ఉంటుంది.

2024 ఫిబ్రవరిలో తీసుకుపోయాము. అద్దె కారు, యౌవనస్థులు ఇద్దరు, వాళ్ళమ్మ, నేను. జనవరిలో నన్ను భయపెట్టిన పనులన్నీ ఆ ఇద్దరు కుర్రవాళ్ళు మాటా పలుకూ లేకుండా చేసేశారు. బస్సులో 40 మంది ఉన్నప్పుడు కూడా ఆ ఇద్దరూ ఉన్నారు, నేనే అడగలేదు.

కెమెరా వాడి చేతికిచ్చాను. బరువుకు చేతులు నిలవవేమోనని సందేహించాను. వాడు కుర్చీని పలకకు తిన్నగా పెట్టించుకొని, చక్రాలకు బ్రేకులు వేయించుకొని, కెమెరాను కుర్చీ చేతి మీద ఆనించుకున్నాడు. వణుకు లేదు. నేను నిలబడి తీస్తే రాని నిలకడ వాడికి కూర్చునే వచ్చింది. ఒకే తొట్టి దగ్గర 40 నిమిషాలు ఉన్నాడు. "చాలు పదరా, ఇంకా చాలా ఉన్నాయి" అని నేను రెండుసార్లు తొందరపెట్టాను. "అది మళ్ళీ వస్తాది అయ్యగారూ" అన్నాడు. వచ్చింది. వాడు తీయలేదు. ఇంకోసారి వస్తుందన్నాడు.

సొరంగంలో చివరిగా తీసిన ఫోటో ఒకటి దారిలో కారులో చూశాను. టేకు చేప రెక్కలు చాపి వస్తోంది, చక్కగా, స్పష్టంగా ఉంది. కానీ దాని పక్కనే పలక మీద వాళ్ళమ్మ నీడ పడింది. చేతిలో పులిహోర డబ్బా సంచి, తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి చూస్తోంది.

"అయ్యో, నల్లగుడ్డ పట్టడం మరచిపోయానే. నీడ పడిపోయిందిరా" అన్నాను.

"నేనే తీసేయమన్న్యా అన్నను. పడనీండి అయ్యగారూ" అన్నాడు వాడు. "అమ్మ గూడా వచ్చిందని తెలియాల గదా."

ముందు సీట్లో వాళ్ళమ్మ నిద్రపోతోంది. కారు కాంచీపురం దాటింది.